కట్టకు అడ్డుపడ్డ అడవిపంది

కొండవాలు మీది మట్టినీ నీటినీ కాపాడే పని జంతువులన్నీ కలిసి ముంగిసకు అప్పగించాయి. ఆనాటి నుంచి ముంగిసకు కాలు నిలవలేదు. మబ్బు పడితే చాలు, వాలంతా పైకీ కిందికీ పరుగులు పెట్టేది. దాని మాట మీద కుందేళ్లు, ఎలుగుబంట్లు వాలుకు అడ్డంగా మట్టికట్ట వేశాయి. అడవిపంది మాత్రం తన దుంపల చోట వేయనివ్వలేదు.

"నీళ్లు దక్కేది కిందున్న కప్పలకి. నా నేల నేనెందుకు వదులుకోవాలి?" అంది.

"ఆ ఒక్క సందు చాలు మామా, కట్టంతా తెగిపోతుంది," అని ముంగిస బతిమాలింది. పంది వినలేదు.

అంతలోనే వాన విరుచుకుపడింది. నీరంతా ఆ సందులోకే మళ్లింది. మట్టితోపాటు పంది దుంపలూ కొట్టుకుపోసాగాయి. ముంగిస మూతితో మట్టి తోస్తోంది, తోసిందల్లా పోతోంది. పంది కాసేపు చూసింది. ఉన్నట్టుండి వచ్చి సందులో అడ్డంగా పడుకుంది.

"చూస్తావేం? నా వెనక మట్టి పొయ్యి!" అని అరిచింది.

ముంగిస కేకకు మిగతా జంతువులన్నీ పరుగెత్తుకొచ్చి మట్టి పోశాయి.

వాన వెలిశాక పంది లేచింది. కట్టకు ఎగువన, మిగిలిన దుంపల మొదళ్ల దగ్గర నీళ్లు నిలిచి ఉన్నాయి. అది చాలాసేపు వాటినే చూస్తూ నిలబడింది.