ఆపితే మరిచిపోయే కంప్యూటరు

పాత సామాన్ల బజారంతా జల్లెడ పట్టగా పట్టగా, చనిపోయిన అన్నయ్య కంప్యూటరుకు సరిపడే పవర్ సప్లై దొరికింది. మెకానిక్ దాన్ని బిగించి చేతులు తుడుచుకున్నాడు.

"వెలుగుతుందమ్మా. లోపల ఆయన రాసుకున్నవి ఉంటాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ కాలపు మిషను కదా, కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతుంది."

"వెలిగితే చాలండీ," అంది చెల్లెలు.

అతను వెళ్లేసరికి చీకటి పడింది. ఇంట్లో ఆమె ఒక్కతే. స్విచ్ వేసింది. పవర్ సప్లై తుమ్మెదలా జుమ్మంది. నల్లటి తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట మెల్లగా పడింది.

కొండముచ్చూ.

ఆమెను అలా పిలిచేవాడు అన్నయ్య ఒక్కడే. మెకానిక్ వేళాకోళమేమో అనుకోబోయింది. అంతలో ఇంగ్లీషు 'ఓ' అక్షరం ఉండాల్సిన చోట సున్నా కనబడింది. కీబోర్డులో 'ఓ' మీట విరిగిపోయిందని అన్నయ్య ఎప్పుడూ సున్నానే కొట్టేవాడు.

చటుక్కున స్విచ్ ఆపేసింది. జుమ్మనే మోత ఆగింది. ఇంట్లో తన ఊపిరి తనకే వినబడుతోంది. ఇప్పుడది అంతా మరిచిపోయి ఉంటుంది. ఖాళీ తెర కళ్లారా చూస్తే గానీ నిద్ర పట్టదనిపించి, మళ్లీ వేసింది.

ఈసారి అక్షరాలు తరుముకొచ్చినట్టు పడ్డాయి, సున్నాలతో సహా.

"ఆపకే. నువ్వు ఆపితే ఈ చీకట్లో ఎవరో నా దగ్గరికొస్తున్నారు."

ఆమె చదవడం ముగించేలోపే, వీధి వీధంతా కరెంటు పోయింది.