సత్యకాలం వారి పీడీఎఫ్ బేరం

“అన్నిటికన్నా ఖరీదైనది ఏదో అదే ఇవ్వు నాయనా.”

తెర మీద ఆ మాట కనబడగానే సత్యకాలం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తెలిసినవాళ్లందరికీ పంచమని ఆఫీసువాళ్లు ఇచ్చిన అతని లింకు నొక్కి పొద్దుట్నుంచి వచ్చిన బేరం అదొక్కటే. పేరు ఉండాల్సిన చోట ‘అతిథి’ అని మాత్రమే ఉంది. నాయనా అంటోంది కాబట్టి పెద్దావిడే అయ్యుంటుంది.

పీడీఎఫ్ ఫైళ్లు చూడడానికి, దిద్దడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది. చాట్‌లోకి వచ్చినవాళ్లకి వివరాలు చెప్పి కొనిపించడం సత్యకాలం పని. చెప్పడం అతనికి బ్రహ్మాండంగా వచ్చు. కొనిపించడమే రాదు. వచ్చినవాళ్ల అవసరమేమిటో గుచ్చి గుచ్చి అడిగి, ‘మీకు ఉచితంగా దొరికేదే చాలండీ’ అని సాగనంపుతాడు. అందుకే ఆఫీసువాళ్లు ఆ పేరు పెట్టారు. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే అతనే పలకడు.

ఆఫీసు మూసేలోగా ఒక్కటంటే ఒక్కటైనా అమ్మకపోతే రేపట్నుంచి రానక్కర్లేదని సూపర్‌వైజరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. సత్యకాలం భార్యకి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాడు. “ఎవరో ఒకరు రాకపోరులెండి” అని ఆవిడ ధైర్యం చెప్పింది. పక్క సీటావిడ ఇంకాస్త పనికొచ్చే సలహా ఇచ్చింది.

“నేను మా మరిదికి రెండు అంటగట్టాను. మీకు చుట్టాలే లేరా?”

“ఉన్నారండీ. వాళ్ల దగ్గర పీడీఎఫ్‌లు లేవు.”

ఆవిడ నుదురు కొట్టుకుని తన పనిలో పడింది.

ఇప్పుడు దేవుడే పంపినట్టు ఈ పెద్దావిడ వచ్చింది. సత్యకాలం చేతులు తుడుచుకుని టైపు చేశాడు. “తప్పకుండా అమ్మగారూ. ఏం పనికో చెబుతారా?”

అలవాటు పాడుగాను, అడిగేశాడు.

“చదువుకోడానికి.”

“దిద్దడం, సంతకాలు పెట్టడం, పేజీలు కలపడం లాంటివి ఉంటాయా?”

“అవీ ఉంటాయి.”

“వేటిని దిద్దుతారండీ?”

“తప్పులుంటే దిద్దుతాను.”

“ఎందులో తప్పులు అమ్మగారూ?”

“ఉన్నవాటిలో. నువ్వు ముందు ఇవ్వవయ్యా బాబూ!”

సూపర్‌వైజరు పిల్లిలా వచ్చి వెనక నిలబడ్డాడు. తెర మీదున్నది చదివి అతని భుజం తట్టాడు. “లక్ష్మీదేవి గుమ్మంలోకి వచ్చి తలుపు కొడుతోందయ్యా. ఇంకేం అడక్కు. డబ్బు కట్టే లింకు పంపించెయ్.”

సత్యకాలం లింకు మీద వేలు పెట్టాడు. ఇంటద్దె గుర్తొచ్చింది. భార్య పొద్దున చెప్పిన ధైర్యం గుర్తొచ్చింది. నొక్కితే ఉద్యోగం నిలుస్తుంది. అయినా వేలు వెనక్కి తీసి మళ్లీ టైపు చేశాడు.

“ఇప్పుడు మీ దగ్గర ఎన్ని ఫైళ్లున్నాయి అమ్మగారూ?”

“ఒకటి.”

“ఏమిటండీ అది?”

“కరెంటు బిల్లు.”

సూపర్‌వైజరు కళ్లు మూసుకున్నాడు.

“కరెంటు బిల్లు దిద్దకూడదండీ.”

“దిద్దనులే. చదువుతాను.”

“చదవడానికి మా దగ్గర ఉచితంగా వచ్చేదే చాలండీ. మీ డబ్బు దండగ.”

“డబ్బుకేం లోటు లేదు నాయనా. కొంచెం దాచుకున్నది ఉంది.”

ఆ మాటతో సత్యకాలానికి మిగిలిన కాస్త ధైర్యమూ చచ్చింది. ఏ ఇల్లాలో నోరు కట్టుకుని దాచుకున్న సొమ్ము. దాన్ని లాక్కుని కరెంటు బిల్లు చూపించడానికి అతనికి చేతులు రాలేదు.

“అది మీ అవసరానికి ఉంచుకోండమ్మా.”

“ఇదే నా అవసరం. నీకు పుణ్యముంటుంది, ఒక్కటి అమ్ము!”

“పాపం మూటగట్టుకోలేనండీ.”

అని, ఉచితంగా వచ్చేదాని లింకు పంపి, దాన్ని ఎలా ఎక్కించుకోవాలో, అక్షరాలు పెద్దవిగా ఎలా చేసుకోవాలో ఓపికగా రాశాడు. ఆఖరికి ఒక్క ముక్క వచ్చింది.

“నువ్వు బాగుపడవు నాయనా.”

అప్పటికే వెనక చేరి చూస్తున్న ఆఫీసంతా పగలబడి నవ్వింది. సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు.

“నిన్ను పంపించాలంటే నాకే బాధగా ఉందయ్యా. కానీ కొంటానని కాళ్లావేళ్లా పడినా అమ్మనివాణ్ని అమ్మకాల్లో ఎలా పెట్టుకోను?”

సత్యకాలానికి ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. సొరుగులోని కళ్లజోడు పెట్టె, నీళ్ల సీసా సంచిలో వేసుకుని బయటపడ్డాడు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. భార్యకి ఏం చెప్పాలి? ఉద్యోగం పోయిందంటే ఓర్చుకుంటుంది. కాళ్ల దగ్గరికొచ్చిన బేరాన్ని చేతులారా తన్నేశానంటే మాత్రం ఏ ఇల్లాలు ఓర్చుకుంటుంది? ఇంటి మెట్లెక్కుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక అబద్ధం ఆడాలని నిశ్చయించుకున్నాడు. రెండుసార్లు గొణుక్కుని సాధన కూడా చేశాడు.

ఆవిడ తలుపు తీసింది. అతని మొహం చూసింది, చేతిలో సంచీ చూసింది. మంచినీళ్లు తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది.

“పోయిందా?”

“పోయింది.”

“ఒక్కరు కూడా రాలేదా?”

సత్యకాలం గ్లాసులోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. “ఒక్కరంటే ఒక్కరు రాలేదు. వస్తే అమ్మనూ?”

ఆవిడ పెదవి బిగపట్టుకుని నవ్వు ఆపుకోబోయింది. నవ్వుతోపాటు కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

“మరి అంతసేపు బతిమాలిన నేనెవర్నండీ?”