విహారానికి రిహార్సలు

“అమ్మా, కాళ్లు ఎనక్కి మడుసుకో. బుద్ధుడికేసి సాపీసినావు.”

జ్ఞానసుందరి గభాలున కాళ్లు మడుచుకుంది. ఎదురుగా ఉన్న బుద్ధుడు నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ. దాని పక్కన చాప మీద, పసుపు దుప్పటి కప్పుకుని, ఆమె భర్త జీవరత్నం భిక్షువుగా కూర్చున్నాడు. నెల్లిమర్ల జూట్ మిల్లులో రిటైరైన మనిషికి ఈ వయసులో ఈ వేషం తప్పలేదు. బట్టతల ఉంది కాబట్టి భిక్షువువి నువ్వేనని కూతురు గ్లోరీ తేల్చేసింది.

గ్లోరీ విజయనగరంలో ఓ ట్రావెల్స్ ఆఫీసులో పని చేస్తుంది. బౌద్ధ క్షేత్రాలకు వెళ్లే యాత్రికులకు అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పడం ఆమె పని. ఆ పాఠం ఇప్పుడు ఇంటిదాకా వచ్చింది. శ్రీకాకుళం అవతల వంశధార ఒడ్డున ఉన్న చిన్న విహారానికి రేపు అమ్మానాన్నల ప్రయాణం.

“ఇప్పుడు లెగిసి సుట్టూ తిరుగు. బుద్ధుడు నీ కుడిసేతి పక్కనుండాల.”

జ్ఞానసుందరి లేచి, అలవాటు కొద్దీ కొంగు తల మీదికి లాక్కుంది.

“ముసుగు తియ్యమ్మా. అక్కడ టోపీలూ ముసుగులూ పనికిరావు.”

“సర్చిలో ఏనాడూ ముసుగు తియ్యని బుర్రే ఇది. దేవుడి ముందర బోడిగా ఎలాగ నిలబడతానే?”

“ఎవరి గుడి మర్యాద ఆళ్లదని నువ్వే కదా అన్నావు!”

“అన్నాన్లే,” అని కొంగు దించి, భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని, కుర్చీ చుట్టూ బుద్ధిగా తిరిగింది.

ఎదురింటి లక్ష్మణమ్మ గుమ్మంలోంచి తొంగి చూసింది. “ఏటి వదినా, మతం గాని మారిపోతన్నారేటి?”

“లేదమ్మా. యాత్రకెల్తన్నాం. సూసొచ్చీడానికి.”

అంతవరకూ బాగానే నడిచింది. అసలు చిక్కంతా జ్ఞానసుందరి చేతులతోనే. నచ్చిన మనిషి కనబడితే ఆ చేతులు ఊరుకోవు. తల నిమురుతాయి, బుగ్గలు పుణుకుతాయి. కొత్తగా వచ్చిన పాస్టరుగారి తల కూడా నిండు సంఘం ముందు నిమిరేసిన ఘనత వాటిది.

“అక్కడ ఆడోళ్లు బిక్షువుని ముట్టుకోకూడదు. ఏదిచ్చినా ఆయన పరిసిన గుడ్డ మీద పెట్టాల. పేరెట్టి పిలవకూడదు, భంతే అనాల,” అంది గ్లోరీ.

“భంతే, భంతే,” అని జ్ఞానసుందరి ఆ మాటను నోట్లో నానబెట్టుకుంది. టిఫిన్ డబ్బా తెచ్చి జీవరత్నం ముందు తువ్వాలు మీద పెట్టింది. వంగి దండం పెట్టింది. లేస్తూ లేస్తూ అతని బట్టతల నిమిరేసింది.

“అమ్మా!”

“నున్నటి తల కనబడితే సెయ్యి ఆగదే!”

జీవరత్నానికి నవ్వు వచ్చింది గానీ, ఆమె మొహం చూసి మింగేశాడు.

“ఆ విహారంలోకి కుర్ర గురువుగారు కొత్తగా వచ్చేడంట కదా. పెద్ద గురువులు సూస్తంటారు. నా సేతుల వల్ల ఆయనకి మాటొస్తే నేను తట్టుకోలేనండి. మరింక రావద్దంటే?” అంది.

“అలాగేం జరగదులే. మల్లీ మొదలెట్టు,” అని అతను దుప్పటి సర్దుకున్నాడు.

తెల్లారేసరికి ఇల్లంతా ఆవఘాటు. మధ్యాహ్నం దాటితే భిక్షువులు భోంచేయరు కాబట్టి పెందలాడే బయల్దేరాలి.

“పళ్లు సాలమ్మా, కూరలెందుకు?” అంది గ్లోరీ.

“పళ్లు మీ నాన్న పట్టుకెల్తారు. నేను పనసపొట్టు కూరే పట్టుకెల్తాను,” అంది. ఆ గొంతుకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

విహారం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఫోను ఆపేసి లోపలికి వెళ్లారు. ఎవడో కుర్రాడు బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటున్నాడు. “పాపం, ఆడికెవరూ సెప్పలేదు కావాల,” అని జ్ఞానసుందరి గుసగుసలాడింది.

పెద్ద భిక్షువుల వెనకే కుర్ర భిక్షువు వచ్చి కూర్చున్నాడు. వంచిన కళ్లు, నున్నగా గొరిగిన తల. తన ముందు చిన్న గుడ్డ పరిచాడు. జీవరత్నం అతని మొహం వంక చూడలేదు. భార్య చేతులనే చూస్తున్నాడు.

“ప్రబువా, నా సేతులు పట్టుకో,” అని ఆమె గొణగడం అతనికి వినబడింది.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, కాళ్లు వెనక్కి మడుచుకుని, డబ్బా గుడ్డ మీద పెట్టింది.

“భంతే,” అంది.

కుర్ర భిక్షువు మూత తీశాడు. కూర వంక కాసేపు అలాగే చూశాడు. తర్వాత కళ్లు మూసుకుని మెల్లగా దీవెన చదివాడు. అంతసేపూ ఆమె వేళ్లు ఒకదానిలో ఒకటి బిగుసుకుని తెల్లబడిపోయాయి.

“పళ్లు మీరివ్వండి. మగోళ్లు సేతికే ఇవ్వొచ్చంట,” అంది రహస్యంగా.

జీవరత్నం అరటిపళ్లు అందించాడు. అతని వేళ్లకు ఆ వేళ్లు తగిలాయి. రెండు చేతులూ వెంటనే విడిపోలేదు.

వీపు చూపకుండా నాలుగడుగులు వెనక్కి నడిచి బయటపడ్డారు. చెప్పులు తొడుక్కోగానే జ్ఞానసుందరి భర్త కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకు ఆనించుకుంది. ముద్దు పెట్టుకుంది.

“ఏటే ఇది, అందరూ సూస్తన్నారు.”

“సూడనీండి. తప్పేటీ సెయ్యలేదు కదండీ నేను?”

“ఒక్కటీ సెయ్యలేదు,” అన్నాడు.

ఆమె ఆ చెయ్యి వదల్లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.

“నేను కన్ననాడు కూడా ఆడి తల ఇలగే నున్నగా ఉండీదండి.”