ఊడే వేలు

చేలో ఉండే ఒక రకం ఎలుకను తోక పట్టుకుంటే, ఆ తోకను వదిలేసి పారిపోతుంది. ఆ గుణాన్నే ఎన్నో ఏళ్లుగా పుట్టిన ప్రతి బిడ్డకూ సూదిలో ఎక్కిస్తున్నారు. ఎవరైనా పట్టి లాగితే ఎడమ చిటికెనవేలు నొప్పి లేకుండా ఊడొస్తుంది. మళ్లీ మాత్రం మొలవదు.

నిరుడు గుంటూరు మిర్చి గోదాములో, బస్తాల వెనక మీదికొచ్చిన మేస్త్రీ పేరయ్య చేతిలో మస్తానమ్మ అలాగే వేలు వదిలేసి బయటపడింది. ఆ వేలిని అతను తాళాల గుత్తికి తగిలించుకుని, ఏడాదిగా ఆమె ముందే ఆడిస్తున్నాడు. ఆమె తలవంచుకుని కాయలకు తొడిమలు తీస్తూనే ఉంది.

ఇవాళ గంపలో కాయలు చూడటానికి అతను వంగాడు. మస్తానమ్మ అతని ఎడమ చిటికెనవేలు పట్టి లాగింది. అది ఊడి ఆమె చేతిలోకి వచ్చేసింది.

పేరయ్య నవ్వాడు. "దాచుకో. నా గుర్తుగా ఉంటది."

"దీనికోసం కాదు మేస్త్రీ," అంటూ ఆమె ఆ వేలిని తొడిమల కుప్పలోకి విసిరేసింది. "నీకింక ఊడేది లేకుండా చేద్దామని."

తొడిమలు తీసే ఆడవాళ్లందరూ లేచారు. ఒకామె వెళ్లి తలుపు మూసింది. పొద్దుట్నుంచీ మిర్చి ఘాటు పట్టిన ఆ చేతుల్ని చూసి పేరయ్య నవ్వు ఆగిపోయింది.

మస్తానమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఈసారి ఏదీ ఊడలేదు.