రాళ్ళ గ్రిల్లా, పలకల గ్రిల్లా?

“రుచంటే ఇదిరా!” అన్నాడు నాగుల్ మీరా, తన ముందున్న పళ్ళెం చూపిస్తూ.

“నీ బొంద రుచి! అది పొగ. రుచి ఇక్కడుంది,” అన్నాడు ఆమోసు, రెండో పళ్ళెం ముందుకు జరిపి.

రెండింట్లోనూ కోడి ఒకటే. మసాలా ఒకటే. మీరా భార్య బీబీజాన్ పొద్దున్నే పట్టించి డబ్బాలో పెట్టి పంపింది. తేడా ఉంటే గింటే గ్రిల్లులో ఉండాలి.

మీరాకి నచ్చింది రాళ్ళ గ్రిల్లు. కింద గ్యాస్ మంట, మధ్యలో నల్లరాళ్ళు, పైన ఇనప కడ్డీలు. కొవ్వు కారి రాళ్ళ మీద పడితే పొగ లేచి ముక్కకి పడుతుంది. ఆమోసు పట్టుకుని కూర్చున్నది పలకల గ్రిల్లు. పింగాణీ పలకలు ఎర్రగా కాగి ఆ వేడికే ముక్క కాలుతుంది. పొగ తక్కువ.

ఈ ఇద్దరూ ఆటోనగర్‌లో ఏళ్ళ తరబడి కలిసి రేడియేటర్ల షాపు నడిపినవాళ్ళు. ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళు. ఉయ్యూరు వెళ్ళే రోడ్డులో చిన్న హోటల్ పెడదామనుకున్నారు. బోర్డు రాయించారు. బల్లలు చేయించారు. గ్రిల్లు దగ్గరికొచ్చేసరికి పేచీ మొదలైంది. ఇవాళ అటో ఇటో తేలకపోతే హోటలూ వద్దు, వాడితో పొత్తూ వద్దని ఎవరింట్లో వాళ్ళు చెప్పి మరీ బయల్దేరారు.

హోటల్ సామాన్ల షాపు రామతులసిది. రెండు గ్రిల్లులూ తనే వెలిగించి, తనే కాల్చి, పళ్ళేల్లో పెట్టి, నిమ్మచెక్కలు కూడా పెట్టింది. ఇద్దరికీ చల్లటి మంచినీళ్ళు ఇచ్చింది. మీరా గ్లాసు ముట్టుకోలేదు. అంత కోపం మీదున్నాడు. మాటిమాటికీ గోడ గడియారం వంక చూస్తున్నాడు.

“బందరు రోడ్డులో నేను తినని కబాబు లేదు. ఈ నాలికని మోసం చెయ్యలేవు,” అన్నాడు.

“నీ నాలిక గొప్పేంటోయ్! మా తెరేసమ్మ చేతి కోడి తిన్న నాలిక నాది,” అన్నాడు ఆమోసు. పెళ్ళాం పేరు చెప్పేసరికి గొంతులో కాస్త ధీమా వచ్చింది. గట్టిగా గుటక మింగాడు.

“మన వంటిల్లెంత? రెండు మంచాలు పట్టవు. నీ రాళ్ళు వెలిగిస్తే వంటవాడు దగ్గుతూ పారిపోతాడు,” అన్నాడు మళ్ళీ తనే.

“పొగ పోడానికి ఫ్యాన్ పెట్టిస్తాం. నీ పలకల మీద ముక్క చూడు, ఆస్పత్రి నుంచి వచ్చినట్టుంది!”

“అయితే నీ హోటల్ నువ్వు పెట్టుకో.”

“నువ్వు పెట్టుకో!”

ఆ మాట అనేశాక ఇద్దరికీ భయమేసింది. ఎవరూ ఎవరి మొహం చూళ్ళేదు. ఆమోసు కళ్ళు తుడుచుకుని, మంట వేడి అన్నాడు. మంట ఎప్పుడో ఆర్పేశారు.

“మీరే చెప్పండి మేడమ్,” అన్నాడు మీరా చివరికి. “రోజూ వీటితోనే కదా మీ పని. మీ మాట మీద ఉంటాం. ఏరా?”

“ఉంటాం,” అన్నాడు ఆమోసు.

రామతులసి చెంగు దోపి దగ్గరికొచ్చింది. ఒక ముక్క విరిచింది. నొక్కింది. వాసన చూసింది. రెండో పళ్ళెంలోదీ విరిచింది. కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించింది. ఇద్దరు మగాళ్ళూ తీర్పు కోసం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

“ఏమీ అనుకోకండి ఆమోసు గారూ. పలకల మీది బాగానే ఉంది గానీ ఉప్పు పైపైనే ఆగిపోయిందండీ. రాళ్ళ మీది చూడండి, కారం ఎముక దాకా దిగింది. వెన్నే!”

ఆమోసు తల దించుకున్నాడు. తర్వాత నవ్వేశాడు. “ఆవిడే చెప్పాక ఇంకేముంది? నాకూ లోపల అనిపిస్తూనే ఉందిలే, ఉప్పు దిగలేదని.”

“నేను చెప్తే వినవు కదరా!” అంటూ మీరా అతని భుజం చుట్టూ చెయ్యేశాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది ఇద్దరికీ.

రాళ్ళ గ్రిల్లు ఆటో ఎక్కింది. దాన్ని చెరోపక్కా పట్టుకుని, వంటవాణ్ణి ఎక్కణ్ణించి తేవాలని కొత్త వాదన మొదలుపెట్టి వెళ్ళిపోయారు స్నేహితులు.

ఆటో మలుపు తిరిగేసరికి పళ్ళేల్లో ఒక్క ముక్కా తగ్గలేదు: నాగుల్ మీరా రంజాన్ రోజాలో ఉన్నాడు, ఆమోసు ఈస్టర్ దాకా మాంసం మానేశాడు, రామతులసి శనివారం నీచు తినదు.