మూడో గది

పెళ్లయిన పాతికేళ్లకు రెండ్రోజులు రిసార్టులో గడుపుదామని వచ్చాం. మూడు గదులకీ అద్దె ఒకటేననీ, నచ్చింది తీసుకోమనీ చెప్పి మేనేజరు వాటిని చూపించాడు.

మొదటి గదికి ఓ గోడంతా అద్దమే, అవతల సరస్సు. "అమ్మో, ఎన్ని వేలిముద్రలు పడతాయో!" అంది మా ఆవిడ.

రెండో గదిలో పడవంత స్నానాలతొట్టి. వంగి లోపలికి చూసి, "నడుం విరుగుతుంది, వద్దు" అంది.

మూడోది ఇరుకు గది. కిటికీ తీస్తే ఎదురుగా వంటింటి పొగగొట్టం. మంచం చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "హాయిగా ఉంది, ఇదే తీసుకుందాం" అంది.

మేనేజరు నోరెళ్లబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "నీకసలు సుఖపడటం చేతకాదే!" అన్నాను.

మర్నాడు ఆరింటికల్లా నన్ను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. మళ్లీ మంచం ఎక్కితే ఊరుకోనంది.

తొమ్మిదింటికి గదులు శుభ్రం చేసే అమ్మాయి వచ్చింది. ముడతన్నది లేని పక్కనీ, మూలలు మడిచి పరుపు కిందికి బిగించిన దుప్పటినీ చూసి బకెట్టు కింద పెట్టేసింది.

"అక్కా, మీరు ఏ హోటల్లో చేస్తారు?"