దిండు కింద చెయ్యి

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, ఆ కుర్రాడు మూడు రోజులుగా కళ్లు తెరవలేదు. మెదడు ఏ మేరకు దెబ్బతిందో చూడ్డానికి తలంతా వైర్లు అంటించాం. మిషను తెర మీద రోజంతా ఈడ్చుకుంటూ సాగే మెదడు గీత, వాళ్లమ్మ వచ్చి కూర్చోగానే చక్కగా ఊగుతుంది.

“అమ్మను గుర్తుపడుతున్నాడు,” అని డాక్టరుగారు పొంగిపోయారు. ఆ మిషను చూసుకునే నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఏ మెదడూ గడియారంలా అంత లెక్కగా ఆడదు.

ఇవాళ ఆవిడ వెనకాలే నిలబడి కనిపెట్టాను. దిండు కింద చెయ్యి పెట్టి జోకొడుతోంది! ఊగుతున్నది మెదడు కాదు, దిండు.

“ఎవర్ని మోసం చేద్దామని? చెయ్యి తియ్యండమ్మా.”

“గీత బాగుంటే మీరు ఆశ వదులుకోరని…” అంటూ చెయ్యి తీసింది.

గీత చతికిలబడింది. నేననుకున్నదే. “చూశారా?” అనబోయాను.

అంతలో గీత ఉలిక్కిపడింది. దిండు కదల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు.

“ఇంకోసారి జోకొట్టి ఆపండి,” అన్నాను, నా కళ్ల మీద నాకే అనుమానం వచ్చి.

ఆపగానే మళ్లీ ఉలిక్కిపడింది.

“చిన్నప్పుడూ ఇంతేనమ్మా,” అందావిడ. “జోకొట్టడం ఆపితే ఉలిక్కిపడి లేచేవాడు.”